ఐపాస్‌కు ఉన్న గడువు ఈపాస్‌కు ఎందుకు లేదు?



సంక్షేమ పథకాలన్నిటికీ ఒకే ఆన్‌లైన్ పోర్టల్ ఉండాలన్న మాట కొన్నేళ్లుగా వింటున్నాం. 2022 జూలైలో కేంద్రం మైస్కీమ్ పోర్టల్ తెచ్చింది. కులం, వయసు, ఆదాయం చెబితే మనం ఏ పథకాలకు అర్హులమో అది చూపిస్తుంది. 2024 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డిజిటల్ కార్డు కోసం 119 నియోజకవర్గాల్లో పైలట్ సర్వే చేశారు. రేషన్, వైద్యం, మిగతా పథకాలు అన్నీ ఒకే కార్డు మీదికి వస్తాయన్నారు. ఇయ్యాల కాకుంటే రేపు ఆ ఒకే పోర్టల్ వస్తుంది. అది వచ్చే లోపే మనం తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ పోర్టల్లో మన దరఖాస్తుకు చట్టం ఏ విలువ ఇస్తుంది?

ముందే చెబుతున్నాను, నేను ఒకే పోర్టల్‌కు వ్యతిరేకిని కాదు. సూర్యాపేటకు మోతె, చివ్వెంల నుంచి, కోదాడకు మునగాల, నడిగూడెం నుంచి, మిర్యాలగూడకు దామరచర్ల, అడవిదేవులపల్లి నుంచి పొద్దున బస్సు దిగే జనాన్ని చూడండి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, నాలుగు ఫొటోలు. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు నిజమే, కానీ ఆ రోజు కూలి పోతుంది. కులం సర్టిఫికెట్‌కు మీసేవ, స్కాలర్‌షిప్‌కు ఈపాస్, కార్పొరేషన్ రుణానికి ఇంకో వెబ్‌సైట్, ఇందిరమ్మ ఇంటికి ప్రజాపాలన దరఖాస్తు, పింఛనుకు ఎంపీడీవో ఆఫీసు. ప్రతి చోటా అవే కాగితాలు మళ్లీ ఇవ్వాలి, అవే జిరాక్సులకు మళ్లీ డబ్బులు కట్టాలి. ఇన్ని గడపలు ఒక్కటైతే అందరికంటే ముందు సంతోషపడేది మన వాడే.

ఇంకో కారణం కూడా ఉంది. మన తాతల కాలంలో ఏ కాగితం కావాలన్నా పట్వారీ ఇంటి ముందు నిలబడాలి. పట్వారీ పోయినా ఆ నిలబడటం పోలేదు. పెద్దకులపోళ్ల పెత్తనంలోని ఊళ్లో ఎవరి పేరు జాబితాలో ఉండాలో, ఎవరిది కొట్టెయ్యాలో ఇప్పటికీ అరుగు మీద తేలుతుంది. దళితబంధులో లబ్ధిదారుల ఎంపిక ఎమ్మెల్యేల చేతిలో పెడితే ఏం జరిగిందో మనకు తెలుసు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఊరిని ఆదర్శంగా చూపేవాళ్లను గట్టిగా ఎదిరించింది ఇందుకే. ఊరి పెద్దమనిషి ముఖం చూడకుండా దరఖాస్తు పెట్టుకోగలగడం మనకు చిన్న విషయం కాదు. టెక్నాలజీ అంటేనే అనుమానించే మిత్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రాష్ట్రంలో ఒకే పోర్టల్ అనేది ఇప్పటికే ఉంది, బాగానే నడుస్తోంది కూడా. దాని పేరు టీఎస్ ఐపాస్, ఇప్పుడు టీజీ ఐపాస్. ఫ్యాక్టరీ పెట్టేవాళ్ల కోసం 2014లో చట్టం చేసి, 2015 జూన్‌లో ప్రారంభించారు. పెట్టుబడిదారుడు అన్ని శాఖల అనుమతులకు ఒక్క చోటే దరఖాస్తు పెడతాడు. తన వివరాలు నిజమని తానే రాసిస్తాడు. మెగా ప్రాజెక్టుకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు గడువు. ఆ గడువులో ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఆలస్యం చేసిన అధికారికి జరిమానా వేసే వీలు కూడా ఉంది. 2020 నవంబర్‌లో ఇళ్ల అనుమతులకు టీఎస్ బీపాస్ తెచ్చారు. దాని కింద కూడా 21 రోజుల్లో తేల్చకపోతే ప్లాను మంజూరైనట్టే. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలు.

పక్కనే ఈపాస్‌ను పెట్టి చూడండి. పేర్లలో తేడా ఒక్క అక్షరమే. ఈపాస్‌లో ఎస్సీ విద్యార్థి పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్, కులం, ఆదాయం, బ్యాంకు ఖాతా అన్నీ ఎక్కించాలి. మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. మీసేవకు పోయి వేలిముద్ర వెయ్యాలి. ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ నుంచి అది జిల్లా సంక్షేమ శాఖకు పోవాలి. ఆ తర్వాత ఎన్ని రోజుల్లో జవాబు రావాలి? రాకపోతే ఏమవుతుంది? దీనికి ఐపాస్ లాంటి చట్టం ఏదీ లేదు. మీసేవలో సర్టిఫికెట్లకు గడువు బోర్డు మీద ఉంటుంది, కానీ గడువు దాటితే సర్టిఫికెట్ వచ్చినట్టే అని ఎక్కడా లేదు. కోట్ల రూపాయల ఫ్యాక్టరీ పెట్టేవాడి సంతకాన్ని నమ్మే ప్రభుత్వం, నెలకు 2,016 రూపాయల పింఛను అడిగే ఒంటరి మహిళ మాట నమ్మదు. అక్కడ దరఖాస్తు పెట్టినవాడికి హక్కు ఉంటుంది, ఇక్కడ పెట్టినవాళ్లకు ఎదురుచూపు మిగులుతుంది.

ఎదురుచూపు ఎట్లుంటదో రేషన్ కార్డు చెబుతుంది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన సభల్లో రాష్ట్రమంతా దాదాపు కోటీ 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అందులో కొన్ని కాగితాలు హైదరాబాద్‌లో బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడి ఉండటం టీవీల్లో చూశాం. కార్డు లేనివాళ్లు అప్పుడొకసారి రాసిచ్చారు. 2025 జనవరిలో గ్రామసభలు పెడితే మళ్లీ రాసిచ్చారు. ఫిబ్రవరిలో మీసేవలో పెట్టమంటే మళ్లీ పోయి పెట్టారు. చివరికి 2025 జూలై 14న ముఖ్యమంత్రి మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలోనే కొత్త కార్డుల పంపిణీ మొదలుపెట్టారు. కార్డు వచ్చినవాళ్లకు మంచిదే. రానివాళ్లకు ఎందుకు రాలేదో రాసిచ్చిన కాగితం ఎవరి దగ్గరైనా ఉందా? మీ వాడలో అడిగి చూడండి.

ఇవ్వడం ఇంత నిదానం. తీసెయ్యడం మాత్రం చాలా వేగం. తెలంగాణలో సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వాహనాలు, ఆస్తులు, కరెంటు, ఉద్యోగాలు, ఇట్లా వేరువేరు శాఖల డేటాను అది కలిపి చూస్తుంది. దాని సాయంతో రేషన్ కార్డులు ఏరివేశారు. దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకు పోతే, 2016 నుంచి రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ పరిశీలనలో అర్హులై ఉండి కార్డు పోగొట్టుకున్నవాళ్లు తేలారు. రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు, పేరు కలిసిన ఇంకొకరి కారును అంటగట్టి ఆ ఇంటి కార్డు తీసేసిన సంగతి 2024లో పత్రికల్లో వచ్చింది. ఇది మన ఒక్కరి కథ కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేల కుటుంబాలను దొంగలుగా ముద్ర వేసిన తప్పుకు 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేయాల్సి వచ్చింది. అక్కడ కూడా ఎక్కువ దెబ్బ తిన్నది వలస వచ్చిన కుటుంబాలే.

ఇక్కడ ఒక మాట అడగాలి. మన కార్డు తీసెయ్యడానికి అన్ని శాఖల డేటా ఒక్కటవుతుంది. మనకు స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఎందుకు ఒక్కటి కాదు? కులం సర్టిఫికెట్ ఇచ్చింది తహసీల్దారు. పదో తరగతి మెమో ఇచ్చింది ప్రభుత్వ బోర్డు. రెండూ సర్కారు దగ్గరే ఉన్నాయి. సర్కారు రాసిచ్చిన కాగితాన్ని సర్కారుకే చూపించడానికి కూలి పోగొట్టుకుని తిరగడం ఎందుకు?

ఇంకా కిందికి చూడండి. 2025 ఏప్రిల్ 14 నుంచి రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. మొదటి గ్రూపులో డక్కలి, బుడగ జంగం వంటి కులాలున్నాయి. వీళ్లలో ఊరూరు తిరిగి బతికిన కుటుంబాలెన్నో. తండ్రికి కులం కాగితం ఉండదు, పుట్టిన తేదీకి ఆధారం ఉండదు. కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుంటే తన కులం పేరు జాబితాలో ఏ అక్షరాలతో ఉందో వెతుక్కోవాలి. వర్గీకరణ ఫలం వీళ్లకు అందాలని ముప్పై ఏళ్లు పోరాడి, చివర్లో ఎర్ర చుక్క గుర్తున్న ఒక్క ఖాళీ గడి దగ్గర ఆగిపోతే ఎట్లా? వీళ్ల కోసం మనిషే గుడిసె దగ్గరికి పోయి దరఖాస్తు నింపాలి. కోదాడ దాటి రామాపురం క్రాస్‌రోడ్డు అవతలికి పోతే ఆంధ్రాలో 2019 అక్టోబర్ నుంచి గ్రామ సచివాలయాలున్నాయి. వాటి లోపాలు వాటికి ఉన్నాయి. కానీ సంక్షేమం చూసే ఉద్యోగి ఊళ్లోనే కూర్చుంటాడు. 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో సేవలు కూడా తెచ్చారు. ఫోన్ ఉన్నవాళ్లకు ఫోన్, లేనివాళ్లకు మనిషి, రెండూ ఉండాలి.

గడువు దాటితే మంజూరైనట్టే అంటే అనర్హులు దూరిపోరా అని కొందరు అడుగుతారు. బీపాస్‌లో ఏం చేస్తున్నారో అదే ఇక్కడా చెయ్యొచ్చు. ముందు నమ్మి ఇస్తారు, తర్వాత తనిఖీ చేస్తారు, అబద్ధమని తేలితే చర్య తీసుకుంటారు. మేడలు కట్టేవాళ్ల విషయంలో పనిచేసే పద్ధతి హాస్టల్ పిల్లల విషయంలో పనిచెయ్యదని అనడానికి కారణం ఒక్కటే కనిపిస్తుంది: పేదోడు అబద్ధమాడతాడన్న నమ్మకం. ఆ నమ్మకానికి కులం ఉంది.

ఖజానాలో డబ్బు లేకపోతే పోర్టల్ ఏం చేస్తుందని ఇంకొందరు అంటారు. నిజమే. రాజీవ్ యువ వికాసానికి 2025లో 16 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. జూన్ 2న మంజూరు పత్రాలన్నారు, వాయిదా పడింది. ఫీజు బకాయిల కోసం అదే ఏడాది ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. సర్కారు కాలేజీకి బాకీ పడితే, కాలేజీ పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటుంది. పీజీ సీటు వచ్చి కూడా టీసీ చేతికి రాక చేరలేకపోయిన విద్యార్థులు నాకు తెలుసు. పోర్టల్ డబ్బు పుట్టించలేదు. కానీ డబ్బు ఎక్కడ ఆగిందో, ఏ తేదీ నుంచి ఆగిందో అందరికీ కనిపించేట్టు చెయ్యగలదు. దరఖాస్తు తప్పు వల్ల ఆగిందా, బడ్జెట్ విడుదల కాక ఆగిందా అన్నది తెలిస్తే, పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగడం మానేసి అడగాల్సినవాళ్లనే అడుగుతారు.

కాబట్టి ఒకే పోర్టల్ వచ్చేటప్పుడు మన డిమాండ్లు ఇవి.

ఒకటి, దానికి జీవో చాలదు, ఐపాస్‌కు ఉన్నట్టు చట్టం కావాలి. గడువు, గడువు దాటితే మంజూరు, ఆలస్యానికి జరిమానా అందులో ఉండాలి. కర్ణాటక 2011లోనే సకాల చట్టం చేసింది. ఆలస్యమైన ప్రతి రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా దరఖాస్తుదారుకు ఇచ్చి, బాధ్యుడైన ఉద్యోగి నుంచి వసూలు చెయ్యాలని అందులో ఉంది. 20 రూపాయలు చిన్న మొత్తమే, కానీ ఆ చట్టం మన రోజుకు ఒక ధర కట్టింది.

రెండు, తిరస్కరిస్తే తెలుగులో కారణం, అధికారి పేరు, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో రాసివ్వాలి. మనిషి సంతకం లేకుండా కంప్యూటర్ ఎవరి కార్డూ తీసెయ్యకూడదు.

మూడు, ప్రభుత్వం దగ్గర ఉన్న కాగితాన్ని మళ్లీ అడగకూడదు.

నాలుగు, రాజస్థాన్ 2019 సెప్టెంబర్‌లో తెచ్చిన జన్ సూచనా పోర్టల్ లాగా ఏ ఊళ్లో ఏ పథకం ఎందరికి అందింది, ఎన్ని ఆగాయి అన్నది ఎవరైనా చూడగలగాలి. మనల్ని చూసే పోర్టల్‌తో పాటు సర్కారును చూసే పోర్టల్ కూడా కావాలి.

ఐదు, సామాజిక తనిఖీ. ఉపాధి హామీ పనుల్లో ఈ పద్ధతిని దేశానికి చేసి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. తిరస్కరించిన దరఖాస్తుల లెక్క, కారణాలు గ్రామసభలో చదవాలి. ఆ సభ వాడలో జరగాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మూడు పట్టణాల్లోనూ మన విద్యార్థి సంఘాలున్నాయి. మీ కాలేజీలో, మీ హాస్టల్లో ఈపాస్ దరఖాస్తులు ఎన్ని, ఏ దశలో ఆగాయో ఒక నోటుబుక్కులో రాయండి. ప్రతి దరఖాస్తుకూ రసీదు దాచండి. ఆ లెక్క పట్టుకుని ఆర్టీఐ వెయ్యండి, దానికి 30 రోజుల గడువు ఉంది. సోమవారం ప్రజావాణిలో సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్ల ముందు ఒక్కొక్కరి అర్జీ కాకుండా మొత్తం జాబితా పెట్టండి. దాని పైన ఈ ప్రశ్న రాయండి: ఐపాస్‌కు ఉన్న గడువు ఈపాస్‌కు ఎందుకు లేదు?

జవాబు కూడా రాతపూర్వకంగానే అడగండి.

జై భీమ్.