నదికి సాక్షి ఎవరు?

చేపను పట్టి, చేతిలో క్షణకాలముంచుకొని, మరల నీటిలో విడిచిపెట్టువానిని చూచి మన గోదావరి లంకలలోని జాలరి నవ్వినచో తప్పు పట్టరాదు. పులుసునకు రాని చేపకొరకు పూటంతయు ఏటిలో నడుములోతున నిలుచుట వ్యర్థవినోదమనియే లోకము తలచును. ఇంగ్లండున ఫ్లై ఫిషింగ్ అను పేర ప్రసిద్ధమైన యీ గాలపు వేట ప్రభువులదియు, పదవీవిరమణ మొందిన సేనాధికారులదియు నను అపఖ్యాతి చిరకాలముగ ఉన్నది. అందు సగము సత్యమే. ఆ దేశమున మేలైన ఏరులలో చేపలు పట్టు హక్కు నేటికిని ప్రైవేటు ఆస్తి. ప్రఖ్యాతమైన ఏటిలో ఒక దినము గాలము వేయుటకు చెల్లింపవలసిన రుసుము సామాన్యుని శక్తికి మించినది. అయినను, నదులు రోగగ్రస్తములగుచున్న యీ కాలమున ఆ రోగమును అందరికంటె ముందు పసిగట్టుచున్నవారిలో ఆ వ్యర్థవినోదులు అగ్రగణ్యులనియు, ఆ చూపు వారికి అలవడినది చవుకయైన యొక చేతిపనివలననే యనియు నా అభిప్రాయము.

సాధారణమైన గాలమునకు ఎర యుండును, బెండుండును, సీసపు గుండు ఉండును; ఆ గుండే దారమును దూరమునకు లాగుకొనిపోవును. ఈ వేటలో కొక్కెమునకు చుట్టిన కృత్రిమపు పురుగు మిక్కిలి తేలిక. విసరుటకు వలయు బరువు దారమునందే ఇమిడియుండును గనుక, కడ్డీని వెనుకకును ముందునకును ఊపి, దారమును గాలిలో చాచి, దాని కొననున్న పురుగును సజీవమైన దానివలె నీటిపై వ్రాలునట్లు చేయుటయే విద్య. ఆ పురుగును అంగడిలో కొనవచ్చును గాని, స్వయముగ కట్టుకొనినవానికి కలుగు తృప్తి వేరు. 1496లో ఇంగ్లండున అచ్చుపడిన గాలపు వేట గ్రంథమున పండ్రెండు పురుగులను కట్టు విధానములు కలవు. అందలి సామగ్రి ఉన్నియు, ఈకలును, పట్టుదారమును. ఐదువందల యేండ్లు గడచినను ముఖ్యమైన జాబితా పెద్దగా మారలేదు. చెడిపోయిన మోటారునుండి విప్పిన రాగితీగ, కోడిపుంజు మెడ ఈక, కుందేటి బొచ్చు, చిరిగిన స్వెట్టరునుండి లాగిన ఉన్నిపోగు, కుట్టుదారము, ఇవియున్నచో చాలును. కొక్కెములును, వానిని కదలకుండ పట్టియుంచు చిన్న వైసును మాత్రము కొనక తప్పదు. పుంజుల వన్నెలకు డేగ, కాకి, నెమలి, పర్ల యని పేర్లు పెట్టి పందెములు కాయు మన కోనసీమవారికిని, మెడ ఈకల ఛాయాభేదములను గూర్చి గంటలకొలది వాదించుకొను ఈ పురుగుల పనివారికిని కంటి నేర్పులో భేదము లేదు; ఆ నేర్పు మనవారిచేత ఇంతకంటె మంచి పని చేయింపలేదే యని మాత్రము నేను విచారింతును.

పురుగును కట్టవలెనన్నచో పురుగును ఎరిగియుండవలెను. మేఫ్లై అను ప్రాణి గ్రుడ్డునుండి వెలువడిన పిదప, జాతిని బట్టి కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో నీటి అడుగున రాళ్లక్రిందను, ఇసుకలోను ప్రాకుచు బ్రదుకును. కాలము వచ్చినంతనే పైకి తేలి, చర్మము విడిచి, రెక్కలు దాల్చి, తొలకరినాటి మన ఉసిళ్ళవలె గుంపులు గుంపులుగా ఎగురును. అప్పటికి దానికి తినుటకు పనికివచ్చు నోరే యుండదు. ఒకటి రెండు దినములలో జతగూడి, గ్రుడ్లు పెట్టి, రాలిపోవును. ఈ వేటగాండ్రు ముఖ్యముగ కోరు ట్రౌట్ చేప ఆహారములో అధికభాగము నీటి అడుగుననున్న పిల్లపురుగులే. కనుక నేర్పరియైన వేటగాడు గాలము విప్పుటకు ముందు వంగి రాతిని తిరుగవేసి చూచును. ఏ రాతిక్రింద ఏ పురుగు ఏ మాసమున ఎంత పరిమాణమున ఉండవలెనో వానికి తెలియును. ఉండవలసినది లేనిచో అదియు తెలియును.

ఈ విద్యను నిరాడంబరముగ పరాకాష్ఠకు తెచ్చినవాడు ఫ్రాంక్ సాయర్. 1906లో విల్ట్‌షైర్‌లో పుట్టి, 1928 మొదలుకొని ఏవన్ నదిపై సేనాధికారుల సంఘమువారి ఏటిభాగమునకు కాపరిగా జీతమునకు కుదిరినవాడు; దొర కాడు. నీటిపై తేలు పురుగును ఎదురేటికి విసరుటయే పెద్దమనుష్యుల ధర్మమని ఆ వేటకు గురువనదగిన హాల్‌ఫర్డ్ శిష్యులు శాసించుచుండ, నీటిలోపలి పురుగును అనుకరించుట దోషము కాదని స్క్యూస్ అను న్యాయవాది 1910లోనే గ్రంథము వ్రాసెను. ఆ వాదము దశాబ్దములపాటు సాగెను. సాయర్ వాదములో మునిగిపోక ఏటిలోనికి చూచెను. ఆయన కట్టిన పురుగునకు దారముకూడ అక్కరలేదు. సన్నని రాగితీగయే కట్టుగాను, బరువుగాను ఉపకరింపగా, ఫెజెంట్ పక్షి తోక ఈకనుండి తీసిన నాలుగు పోగులే తోకగాను, దేహముగాను, రెక్కల ఉబ్బుగాను రూపొందినవి. 1958లో తన గ్రంథమున ఆయన వివరించిన ఆ పురుగు నేడు ట్రౌట్ చేపలున్న దేశములన్నిట వాడుకలో నున్నది. మేజోళ్ళకు మాటువేయు ఉన్నితో ఆయన కట్టిన మరియొక పురుగు చరిత్ర హాస్యాస్పదము. చాడ్విక్ కంపెనీవారి 477 సంఖ్యగల ఆ ఉన్ని తయారీ నిలిచిపోగా, అట్టముక్కకు చుట్టిన పోగుకొరకు సంపన్నులు ఎగబడి వెల హెచ్చించిరి. పేదవాని ఉపాయము పురావస్తువైనది. నా దృష్టిలో సాయర్ ఘనత ఆ పురుగులకంటె ఆయన నిత్యకృత్యములో ఎక్కువగ నున్నది. ఏటి అడుగున పేరుకొనిన బురదను తొలగించి, చేపలు గ్రుడ్లు పెట్టు గులకరాళ్లను మరల వెలుగులోనికి తెచ్చుటకు ఆయన ఏండ్లతరబడి శ్రమించెను.

ఆడంబరము తలకెక్కినచో ఈ కళ ఎచ్చటికి పోవునో చెప్పుటకు ఒక ఉదాహరణము చాలును. విక్టోరియా రాణి కాలమున సాల్మన్ చేపలకొరకు కట్టిన పురుగులకు ఉష్ణదేశపు పక్షుల ఈకలు కావలసివచ్చెను. మన శేషాచలము మొదలైన దక్షిణాది అడవులలో తిరుగు అడవికోడి మెడపైని మైనపు చుక్కల ఈకలుకూడ ఆ మోజునకు బలియైనవి. ఆ పురుగులను పూర్వపు ఈకలతోనే కట్టవలెనను వ్యామోహముతో 2009లో ఒక సంగీత విద్యార్థి ట్రింగ్ పట్టణపు ప్రదర్శనశాలలో చొరబడి 299 పక్షుల చర్మములను అపహరించెను. అందు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు సేకరించినవియు కలవు. ఆ ఈకల పుట్టుక చేపకు తెలియదు, వెల అసలే తెలియదు.

2013 జూలైలో కెనెట్ నదిలో జరిగినది నా వాదమునకు ప్రధానమైన ఆధారము. ఇంగ్లండున గాలపు వేటగాండ్రు 2007 మొదలుకొని ఒక నియమము పాటించుచున్నారు: నెలకొకమారు ఏటిలో దిగి, మూడు నిమిషములు కాలితో అడుగును కదల్చి, కొట్టుకొనివచ్చిన పురుగులను వలలో పట్టి, ఎనిమిది వర్గములుగా లెక్కించి, ఆ సంఖ్య నిర్ణీతమైన మట్టమునకు తగ్గినచో పర్యావరణశాఖకు తెలుపుదురు. ఆ లెక్కకు దిగినవారికి కెనెట్‌లో పురుగులు చచ్చి కనబడినవి. మార్ల్‌బరోనుండి హంగర్‌ఫర్డ్ వరకు సుమారు 15 కిలోమీటర్ల ఏటిలో అడుగు ప్రాణులు నశించినవి. కారణము క్లోరిపైరిఫాస్ అను పురుగుమందు; మురుగుకాలువ ద్వారా వచ్చినది అత్యల్పమైన మోతాదే. నీరు తేటగానే యున్నది, చేపలు తేలలేదు, గట్టుపై నడచువానికి నది ఆరోగ్యముగనే తోచెను. క్లోరిపైరిఫాస్ పేరు మన రైతులకు కొత్తది కాదు. చెదలకును, పైరు పురుగులకును చల్లి ఖాళీ డబ్బాను బోదెలో కడుగుట మన పల్లెలలో నిత్యము చూచునదే. కుక్కలకు పిడుదులు, గోమార్లు పట్టకుండ పూయు మందులలోని ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ఇంగ్లండు నదులలో విస్తారముగ కలిసియున్నవని 2020లో సస్సెక్స్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఆ రెండును మన వరి, మిరప, పత్తి చేలకు చిరపరిచితములు.

చూచినవానికి ప్రశ్నించు హక్కు లేనిచో చూపు వ్యర్థము. 1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అను న్యాయవాది వేటగాండ్రకు ఒక సంఘము స్థాపించెను. దాని అండతో డర్బీ పట్టణపు గాలపు వేటగాండ్ర సంఘము డెర్వెంట్ నదిని చెరచిన మువ్వురిపై దావా వేసెను: కృత్రిమ పట్టు కంపెనీ, విద్యుత్సంస్థ, స్వయముగ నగరపాలకమండలి. జనము పెరిగినది, మురుగు పెరిగినది, మేమేమి చేయగలమని నగరము మొరపెట్టుకొనినను న్యాయస్థానము వినలేదు. 1953 న్యాయనివేదికలలో ప్రకటితమైన ఆ తీర్పు నేటికిని ఉదాహరింపబడుచున్నది. చేపలు పట్టు హక్కు ఆస్తిహక్కగుటచేతనే వారికి ఆ విజయము సాధ్యమైనది. నేను పైన నిందించిన ఆ ప్రైవేటు హక్కే ఇచ్చట నదిని కాపాడెనని ఒప్పుకొనక తప్పదు. అయినను ఒక తీర్పుతో దేశము బాగుపడలేదు. ఒక్క 2023లోనే ఇంగ్లండున వాననీటి పొంగుకాలువల గుండ 36 లక్షల గంటలపాటు మురుగు విడువబడినది. ఆ సంవత్సరాంతముననే బ్రిటన్ సాల్మన్ జాతి అంతరించు ప్రమాదములో నున్నదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ప్రకటించినది.

మన విషయము వేరు. ఇచ్చట చట్టము తలుపు మూయలేదు. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టము నష్టపోయిన ప్రతివ్యక్తికిని ఫిర్యాదు హక్కు నిచ్చినది. కొరవడినది ఋజువు. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టునకు చేరిన వ్యాజ్యము దశాబ్దములపాటు న్యాయస్థానములు మారినది. చెరువులో చేపలు తెల్లగా తేలిన నాడు అధికారులు వచ్చి సీసాలో పట్టుకొనిపోవునది నిన్నటి నీరు కాదు. నిన్నటి నీటిని ఎరిగినది అడుగుననున్న పురుగు. ఎరిగి పలుకగలవాడు నిత్యము నీటిలో దిగు జాలరి. వానియొద్ద తేదీలతో కూడిన లెక్క యున్నచో ఏ న్యాయవాదికైన పట్టు దొరకును.

తెలంగాణలో 2016 మొదలుకొని ప్రభుత్వము చెరువులలో ఉచితముగ చేపపిల్లలను విడుచుచున్నది. వేసవిలో ఎండు చెరువులకు పిల్లను పోయక తప్పదు గనుక దానిని తప్పుపట్టను. కాని పోసిన పిల్లల సంఖ్యకు రిజిస్టరున్నది గాని, వానిని పోయు నీటి స్థితికి లేదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రము మేడిసన్ నదిపై జరిగిన పరిశోధనను మన్నించి, 1974లో నదులలో పెంపుడు ట్రౌట్లను పోయుట మానినది. సహజమైన ట్రౌట్లు తమంతట తామే వృద్ధిపొందినవి. మన చెరువునకు ఆ నది ఉపమానము కాదు. అయినను పోయుటకు ముందు చూడవలెనను బుద్ధి ఎచ్చటనైన ఒక్కటియే.

ఇంగ్లండువారి ఎనిమిది వర్గములు మనకు యథాతథముగ పనికిరావు. బురద అడుగుగల చెరువునకు తూనీగ పిల్లలు, నత్తలు, మురుగులో విజృంభించు ఎర్రపురుగులు మొదలైనవానితో వేరొక జాబితాను మన మత్స్యకళాశాలల ఆచార్యులు కూర్చవలెను. తూర్పుకనుమల వాగులకు మరియొకటి. పిదప ప్రతి మత్స్యసహకార సంఘమునుండి ఇద్దరికి నేర్పవలెను. వారిలో ఒకరు స్త్రీయైనచో మంచిది, చేపను అమ్ముచు దాని వాసనతోనే నీటి గుణమును చెప్పగలవారు వారే గనుక. ఆ లెక్కల పుస్తకమును కాలుష్య నియంత్రణ మండలి నమోదు చేసికొని, మట్టము తగ్గినదని తెలిసిన మరునాడే నీటి నమూనా తీయవలెనని ఉత్తరువు జారీచేయవలెను. ఖర్చు విషయమా, ఒక తెల్లని పళ్లెము, ఒక భూతద్దము, ఒక పుస్తకము కొనిన చాలును. చేపపిల్లలను పట్టు సన్నకన్నుల వల సంఘములయొద్ద ఇదివరకే యున్నది.