ఆర్టికల్ 17 పాఠం: టీచరుకు తోడెవరు?

హైస్కూల్లో రాజ్యాంగం పాఠం నడుస్తోంది. ఆర్టికల్ 17 దగ్గరికి వచ్చేసరికి టీచరు గొంతు కాస్త తగ్గుతుంది. ‘అంటరానితనం ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు’ అని ఒక్క మాటలో దాటేస్తారు. లేదంటే ‘మీలో ఎస్సీలెవరు, చేతులెత్తండి’ అంటారు. మొదటిది అబద్ధం, రెండోది అవమానం. ప్రభుత్వ బడుల్లో చదివి పరిశోధన దాకా వచ్చిన మాలో ఈ రెంటిలో ఒక్కటైనా ఎదుర్కోనివాళ్లు లేరు.

టీచర్లను నిందించడానికి ఇది రాయడం లేదు. బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో చదువుకునే మేం కొందరం, సెలవు రోజుల్లో అక్కడికొచ్చే సోషల్ టీచర్లతో ఈ విషయం ఎత్తాం. వాళ్లు తిరిగి అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఎలా చెప్పాలో మాకెవరు చెప్పారు?’

శిక్షణల్లో ఏం జరుగుతోంది?

శిక్షణలకు కొదవ లేదు. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. 2017లో దీక్ష, 2019లో నిష్ఠ వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు ఉన్నాయి. కాంప్లెక్స్ మీటింగులు జరుగుతూనే ఉన్నాయి. కానీ మేం మాట్లాడిన టీచర్లకు గుర్తున్నవి పాఠ్యప్రణాళికలు, అభ్యసన ఫలితాలు, పరీక్షల మార్కుల నమోదు. కులం గురించి పిల్లల ముందు ఎలా మాట్లాడాలో తమకెవరూ నేర్పలేదని అందరూ అన్నారు.

పక్కనే ఉన్న అశోక్ నగర్, చిక్కడపల్లి కోచింగ్ సెంటర్లకు వెళ్లి చూడండి. అక్కడ ఆర్టికల్ 17 ఒక బిట్టు. నాలుగు ఆప్షన్లలో సరైనది గుర్తిస్తే ఒక మార్కు. రేపటి టీచర్లలో ఎంతోమంది ఇలా బిట్లు బట్టీపట్టి వచ్చేవాళ్లే. ఆ ఆర్టికల్ తన ముందు బెంచీ మీద కూర్చున్న పిల్ల బతుకని వాళ్లకు తెలిసేదెప్పుడు?

మంచి పాఠం ఉంటే చాలదు కూడా. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక తర్వాత వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పుస్తకంలో ఓంప్రకాశ్ వాల్మీకి బడి అనుభవాన్ని చేర్చారు. దళిత పిల్లవాడి చేత హెడ్మాస్టర్ బడిని ఊడిపించిన ఘటన అది. పాఠ్యపుస్తకంలోకి రావలసిన నిజమే. కానీ ఏ సన్నద్ధతా లేకుండా టీచరు దాన్ని పైకి చదివితే, తరగతిలో కళ్లన్నీ ఎవరివైపు తిరుగుతాయి? పాఠం సానుభూతి నేర్పుతోందని టీచరు అనుకుంటారు. ఆ పిల్లవాడు మాత్రం తల దించుకుంటాడు.

వనరులు మన వాకిట్లోనే

చూపు తిప్పాల్సింది ఇక్కడే. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించారు. 1910లో ఇసామియా బజార్, లింగంపల్లిలలో దళిత పిల్లలకు బడులు పెట్టారు. తర్వాత ఆ బడుల సంఖ్య ఇరవై దాటింది. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, ‘పంచములు’ కాదు, ‘ఆది ఆంధ్రులు’ అనిపించారు. పాఠం ఇక్కడ మొదలుపెడితే ప్రశ్నే మారిపోతుంది. ‘ఎవరిని బడికి రానివ్వలేదు?’ అన్న చోట ‘ఎవరు బడులు కట్టారు?’ అన్న ప్రశ్న వస్తుంది. కళ్లు అప్పుడూ ఆ పిల్లవాడి వైపే తిరగొచ్చు, కానీ ఈసారి తల దించుకోవాల్సిన పని లేదు.

నగర దళిత ఉద్యమాన్ని పి.ఆర్. వెంకటస్వామి 1955లోనే గ్రంథస్థం చేశారు. ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు డిప్యూటీ స్పీకరుగా, దేవాదాయ మంత్రిగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని గోగు శ్యామల ‘నేనే బలాన్ని’గా రాశారు. అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో దళిత, ముస్లిం పిల్లల కథల్ని తెలుగులోనూ తెచ్చింది. వీటిలోంచి రెండేసి పేజీలు తీసి, ప్రశ్నలు జోడించి టీచరు చేతిలో పెడితే అదే వనరు. చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవన్‌కు పిల్లల్ని తీసుకెళ్లినా అదొక పాఠమే.

తరగతిలో పాటించాల్సింది కూడా తేలికే. ఏ పిల్లనీ కులం చెప్పమనకూడదు. అనుభవం చెప్పమని బలవంతపెట్టకూడదు. ప్రశ్న వివక్ష చేసేవారి మీద పెట్టాలి. ‘ఇల్లు అద్దెకు అడిగితే ఓనరు మీరేమిట్లు అని ఎందుకడుగుతాడు?’ అంటే తరగతి మొత్తం జవాబు వెతకాల్సిందే. అక్కడినుంచి 1955 పౌరహక్కుల చట్టానికి, 1989 అట్రాసిటీ చట్టానికి దారి దొరుకుతుంది. కారంచేడు, చుండూరు తర్వాత కూడా ‘ఒకప్పుడు ఉండేది’ అని చెప్పే టీచరుకు ఆ దారి చూపాలి.

మేం కోరేది పెద్దదేమీ కాదు. ఆ 50 గంటల్లో పది గంటలు కులం, తరగతి గది మీద కేటాయించండి. దళిత టీచర్లను, రచయితలను రిసోర్స్ పర్సన్లుగా పిలవండి. చిన్న చిన్న పఠన పత్రాలు తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి బడులకు పంపండి. ఎస్‌సీఈఆర్‌టీ కార్యాలయం ఎల్‌బీ స్టేడియం ఎదురుగానే ఉంది. అక్కడినుంచి బాగ్ లింగంపల్లి గ్రంథాలయానికి ఎంతో దూరం లేదు. శిక్షణ తరగతులు ఒక్కసారి ఇక్కడ పెట్టి చూడండి.

అంటరానితనం రద్దయిందని రాజ్యాంగం రాసింది. చేతులెత్తమనకుండా ఆ మాట చెప్పగలిగే టీచరును తయారుచేయడం ప్రభుత్వం బాధ్యత.