పేదవాని పిస్తోలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కేంద్రప్రభుత్వము విధించిన కనిష్ఠ వేతనము గంటకు 7.25 డాలర్లు. 2009 నుండి ఈ రేటు మారలేదు. పెక్కు రాష్ట్రములు ఇంతకు మించి ఇప్పించుచున్నను, ఈ రేటుపైనే బ్రతుకు కార్మికునికి వారమంతయు నలువది గంటలు పనిచేసినచో ముట్టునది 290 డాలర్లు. ఆ దేశపు దుకాణములలో క్రొత్త పిస్తోలు ఒకటి రెండువందల డాలర్లకు అటునిటుగా దొరకును. అనగా వారపు కూలితో, అంగీమాటున దాచుకొని నిత్యము తిరుగదగిన ఆయుధము చేతికి వచ్చును. అది అవసరమైన క్షణమున పేలునా? అవసరము లేని క్షణమున పేలకుండునా? కొనువాడు ఈ రెండు ప్రశ్నలను ఎవరి నడుగవలెను? ఆ దేశపు కేంద్రప్రభుత్వములో వీనికి బదులు చెప్పవలసిన శాఖ యేదియు లేదు.

ఇది ఏ కొందరి వినోదమునకో సంబంధించిన విషయము కాదు. 2022 జూన్ 23న ఆ దేశపు సుప్రీంకోర్టు, న్యూయార్కు రాష్ట్రములో నూరేండ్లకు పైగా అమలులోనున్న నిబంధనను కొట్టివేసి, ఆత్మరక్షణకై ఇంటివెలుపల పిస్తోలు ధరించుట రాజ్యాంగపు రెండవ సవరణవలన పౌరునికి సంక్రమించిన హక్కని తీర్పు చెప్పెను. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఆర్గురు అనుకూలురు, మువ్వురు ప్రతికూలురు. 2024 నాటికి ఏబదింట 29 రాష్ట్రములు అనుమతిపత్రము లేకయే పిస్తోలు ధరించుటకు ఒప్పుకొన్నవి. 2023లో ప్యూ సంస్థ జరిపిన పరిశీలనలో నూటికి 32 మంది వయోజనులు తమకు తుపాకి కలదనిరి. వారిలో నూటికి 72 మంది ఆత్మరక్షణయే అందులకు ప్రధాన కారణమనిరి. వేటతుపాకి సంవత్సరములో ఎక్కువకాలము గోడకు వ్రేలాడును. ఆత్మరక్షణ పిస్తోలు అట్లుగాక, మనిషి నడుమున అంటిపెట్టుకొని బస్సెక్కును, బజారునకు పోవును, వంటయింటిలోనికి వచ్చును. కావున దాని నాణ్యము కొన్నవాని కొక్కనికే కాక, వానిచుట్టు మెలగు వారందరికిని సంబంధించినది.

చౌకతుపాకిపై అమెరికా శాసనకర్తల దృష్టి నేటిది కాదు. అంతర్యుద్ధము ముగిసిన తరువాత 1879లో టెనెసీ రాష్ట్రము, సైన్యమును నౌకాదళమును వాడు నమూనా పిస్తోళ్ళు తప్ప తక్కినవి విక్రయింపరాదని శాసించెను. ఆ నమూనాలు బరువైనవి, ఖరీదైనవి. సైన్యములో పనిచేసి వచ్చిన తెల్లవారిలో పలువురికి అవి అదివరకే ఉండెను. దాస్యవిముక్తులైన నల్లవారును, నిరుపేదలైన తెల్లవారును కొనగలిగినవి చిన్న పిస్తోళ్ళు మాత్రమే. శాసనములో జాతిప్రసక్తి యెచ్చటను లేదు. ధరయే ఆ పని చేసెను. తరువాతి కాలమున అధికారుల విచక్షణ ఆ పని చేసెను. 1956 జనవరి 30న మాంట్‌గొమరీ నగరములో మార్టిన్ లూథర్ కింగు ఇంటిపై బాంబు పడెను. పిస్తోలు ధరించుటకు అనుమతి కోరుచు ఆయన పెట్టుకొన్న దరఖాస్తును అధికారులు నిరాకరించిరి. ఆయన అటుపిమ్మట ఆయుధముల నుంచుకొనుటయే మానివేసెను గాని, అది వేఱొక కథ.

1968 ఏప్రిలులో కింగును, జూనులో రాబర్టు కెనెడీని హంతకులు కాల్చిచంపిరి. కెనెడీ ప్రాణము తీసినది 22 కాలిబరు చిన్న రివాల్వరు. ఆ సంవత్సరమే కాంగ్రెసు తుపాకుల నియంత్రణ శాసనమును చేసి, క్రీడలకు పనికిరాని చిన్న చౌక పిస్తోళ్ళను విదేశములనుండి దిగుమతి చేయరాదని నిషేధించెను. 'సాటర్‌డే నైట్ స్పెషల్' అని, అనగా శనివారపు రాత్రి తాగుబోతుల కొట్లాటలకు పనికివచ్చునవని, పత్రికలు ఎగతాళి చేసిన సరకు ఇదియే. అయితే దిగుమతిని ఆపిన శాసనము దేశములోని తయారీని ఆపలేదు; విడిభాగముల రాకను గూడ ఆపలేదు. 1981 మార్చి 30న అధ్యక్షుడు రీగనుపై పేల్చిన రివాల్వరు, జర్మనీనుండి వచ్చిన భాగములను ఫ్లారిడాలో కూర్చి చేసినదే. ఇక కాలిఫోర్నియా దక్షిణభాగమున 1970లో రేవెన్ ఆర్మ్స్ అను కంపెనీ వెలసెను. అది చేసిన 25 కాలిబరు పిస్తోలు ఉక్కుతో కాక, జింకు మిశ్రలోహమును అచ్చులలో పోసి చేసినది. ఆ కుటుంబమువారు, వారి పరిచితులు ఒకరివెంట నొకరు కంపెనీలు పెట్టిరి. లాస్ ఏంజలస్ చుట్టును వలయముగా నిలిచిన ఈ కంపెనీలను గూర్చి వైద్యుడు గేరెన్ వింటెమ్యూట్ 1994లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ దశకపు తొలియేండ్లలో అమెరికాలో తయారైన పిస్తోళ్ళు, రివాల్వర్లలో దాదాపు మూడవవంతు ఈ కొలది కంపెనీల సరకే యని అందు తేలినది. విదేశపు చౌకసరకును వెళ్ళగొట్టిన శాసనము స్వదేశపు చౌకసరకునకు నీరుపోసి పెంచినదన్నమాట.

ఈ సరకు నాణ్యమెట్టిదో ఒక్క వ్యాజ్యము చాలు తెలుపుటకు. 1994లో కాలిఫోర్నియాలోని ఒక యింటిలో, ఏడేండ్ల బాలుని కనిపెట్టుకొనియున్న యువకుడు ఒకడు, పిస్తోలులోని తూటాలను తీసివేసి ప్రమాదము లేకుండ చేయదలచెను. అది బ్రైకో అను కంపెనీ చేసిన 38 నమూనా. పెక్కు పిస్తోళ్ళకు పేలకుండ అడ్డువేయు భద్రతాకీలక మొకటి యుండును. బ్రైకో నమూనాలో ఆ అడ్డు తీసినగాని పైభాగము వెనుకకు జరుగదు; అది జరిగినగాని లోని తూటా బయటికి రాదు. అనగా పిస్తోలును నిరపాయము చేయవలెనన్నచో, ముందు దానిని పేలుటకు సిద్ధము చేయవలెను. యువకుడు అడ్డు తీసెను, పిస్తోలు పేలెను, బాలుని మెడలో గుండు దూరెను. బాలుడు జీవితాంతము కాళ్ళు చేతులు కదపలేని స్థితికి వచ్చెను. తూటాలు ఎక్కించునపుడు ఇరుకుకొనుచుండుట చేతనే, ఆ లోపమును కప్పిపుచ్చుటకు కంపెనీ కీలకము నమరికను ఇట్లు మార్చినదని వాదులు వాదించిరి. 2003లో జ్యూరీ కంపెనీపక్షముపై సుమారు 24 మిలియను డాలర్ల బాధ్యత మోపెను. కంపెనీ దివాలా తీసెను. 2004లో దాని ఆస్తి వేలమునకు వచ్చినపుడు, బాలుని పక్షమువారు మిగిలిన పిస్తోళ్ళను కరగించివేయు తలంపుతో పాట పాడిరి. కాని 5,10,000 డాలర్లకు పాట దక్కినది ఆ కర్మాగారములో మేస్త్రీగా పనిచేసినవానికి. క్రొత్తపేరుతో తయారీ సాగెను. ఆ క్రొత్త కంపెనీయు 2020లో దివాలా తీసెను.

మరి ప్రభుత్వము ముందుగా పరీక్షింపరాదా? 1972లో అమెరికా కాంగ్రెసు వినియోగదారుల భద్రతకై ఒక సంఘమును స్థాపించెను. ఉయ్యాల, బొమ్మ, నిచ్చెన, గడ్డికోయు యంత్రము, ఇట్టివన్నియు దాని పరిధిలోనివి. తుపాకులను, తూటాలను మాత్రము శాసనము పనిగట్టుకొని మినహాయించెను. పిల్లల ఆటతుపాకిలో దోషమున్నచో ఆ సంఘము బజారునుండి తీయింపగలదు; నిజమైన తుపాకిని తాకలేదు. ఈ వింతను సమర్థించువారు, నాణ్యపు పేర హక్కునే హరింతురని భయపడుదురు. టెనెసీ చరిత్ర ఎఱిగినవారు ఆ భయమును తేలికగా కొట్టివేయలేరు. అయినను, మంచి తుపాకి చేయుడని శాసించుట వేఱు, ఖరీదైన తుపాకియే కొనుడని శాసించుట వేఱు. ఇల్లినాయి రాష్ట్రము మధ్యమార్గముగా 800 డిగ్రీల ఫారన్‌హీటు లోపల కరగు జింకులోహపు పిస్తోళ్ళ అమ్మకమును నిషేధించినది. పిస్తోలును పొయ్యిలో పెట్టి ఎవరును వాడరు గదా! ఇంతకంటె తెలివైన పద్ధతి కాలిఫోర్నియాది. 1999లో చేసి 2001 నుండి అమలుపఱచిన శాసనము ప్రకారము, అచ్చట అమ్మకమునకు వచ్చు ప్రతి నమూనాయు పరీక్షాశాలలో 600 తూటాలు పేల్చవలెను. మొదటి యిరువదింటిలో ఒక్క ఆటంకమును రాకూడదు, మొత్తములో ఆరు మించరాదు. మఱియు మీటరు ఎత్తునుండి పడవేసినను అది పేలరాదు. ఈ పరీక్షలు కొలుచునది పనితనమును. ధరను గాని, కొనువాని స్థితిగతులను గాని కాదు. తరువాత చేర్చిన ఇతర నిబంధనలపై న్యాయస్థానములలో వివాదము నడచినను, ఈ మూలసూత్రము మాత్రము న్యాయమైనది.

ధరకును నాణ్యమునకును నిత్యసంబంధము లేదనుట కూడ స్పష్టమే. చేయిజారి పడినపుడు పేలునను ఆరోపణపై బ్రెజిలు దేశపు టారస్ కంపెనీ తన పాత నమూనాలు తొమ్మిదింటిని గూర్చి 2015లో వాదులతో ఒప్పందమునకు వచ్చెను. అవి చౌకవని సరిపెట్టుకొనవచ్చును. కాని అమెరికా సైన్యము 2017 జనవరిలో ఏ పిస్తోలును ఎన్నుకొనెనో, దానికి మూలమైన సిగ్ కంపెనీవారి పి320 కూడ కొన్ని కోణములలో పడినపుడు పేలునని అదే సంవత్సరము ఆగస్టులో బయటపడగా, కంపెనీ ఉచితముగా మార్పులు చేయబూనెను. ఇది పేదవాని సరకు కాదు.

నేడు చౌకపిస్తోలు కొనువాని పరిస్థితి 1970 నాటికంటె మెరుగే యనవలెను. 1980 తరువాత ఆస్ట్రియాకు చెందిన గ్లాక్ కంపెనీ ప్లాస్టిక్ చట్రముతో పిస్తోలు చేసి చూపిన పద్ధతి వ్యాపించి, ఖర్చును తగ్గించెను. ఒహాయోలో తయారగు హైపాయింట్ పిస్తోలు నేటికిని జింకులోహపుదే. దానిలో వెనుకతాకిడిని ఆపు బందోబస్తు యంత్రము లేదు. పైభాగపు బరువే ఆ పని చేయవలెను. అందుచేత అది ఎనిమిదివందల గ్రాముల బరువు తూగును. మోటుదైనను పనిచేయునని వాడినవారు చెప్పుదురు. కాని దినమంతయు నడుమున మోయుటకు అర్ధకిలో పిస్తోలు వేఱు, ఇది వేఱు. మఱియొక దారి, పోలీసులు వాడి మార్చిన పిస్తోలు కొనుట. పోలీసుశాఖలు 40 కాలిబరును విడిచి 9 మిల్లీమీటర్లకు మరలుటతో ఇట్టి సరకు బజారున విరివిగా దిగినది. ఒరలోనే ఎక్కువకాలము గడపిన పిస్తోలు పైకి గీతలు పడినను, లోపల అరుగదు. ఈ దారికిని చీకటి కోణము కలదు: 2006 తరువాత పోలీసుశాఖల తుపాకులు 52 వేలకు పైగా నేరస్థలములలో చిక్కినట్లు 2024లో పత్రికాపరిశోధకులు వెల్లడించిరి.

తెలిసినవారు క్రొత్తవానికి చెప్పు సలహా ఒకటే. కొన్న పిస్తోలుతో కనీసము రెండువందల తూటాలైనను ఆటంకము లేక కాల్చిచూడక దానిని నమ్మరాదు. ట్రిగ్గరును పూర్తిగా కప్పు గట్టి ఒర లేక దానిని నడుమున పెట్టరాదు. అభ్యాసపు తూటాలకు ఏబది డాలర్లో ఆపైనో, ఒరకును నడికట్టునకును అంతియో కావలెను. కాలిఫోర్నియా పరీక్షాశాల చేయుపనిని ఇతర రాష్ట్రములలో కూలివాడు తన డబ్బుతో తానే చేసికొనవలెను. చేసికొననివాడు పరీక్షింపని యంత్రమును నమ్ముకొని తిరుగును. అనుమతిపత్రముల సంగతియు ఇట్లే. న్యూయార్కు నగరములో దరఖాస్తు రుసుమే 340 డాలర్లు. ఆపై వ్రేలిముద్రల రుసుము. 2022 నాటి రాష్ట్రశాసనము ప్రకారము పదునారు గంటల పాఠము, రెండు గంటల కాల్పుల అభ్యాసము. అనగా పిస్తోలుకంటె కాగితము ప్రియము. అనుమతి యక్కరలేని రాష్ట్రములలో రుసుమును లేదు, పాఠమును లేదు. ఒకచోట పేదవానికి హక్కు దూరము, మఱియొకచోట శిక్షణ దూరము. శిక్షణను ఉచితముగా నేర్పి తప్పనిసరి చేయుట కష్టమైన పనియేమి కాదు; ఏ పక్షమును దానిని తన పతాకముపై వ్రాసికొనలేదు.

పిస్తోలు నమ్మకమైనదైనను తీరని ప్రమాద మొకటి కలదు. 2023లో ఆ దేశమున తుపాకులవలన మరణించినవారు 46,728 మంది. వారిలో 27,300 మంది ఆత్మహత్య చేసికొన్నవారు. కాలిఫోర్నియాలో రెండుకోట్ల అరువదిలక్షల వయోజనులను పరిశీలించి 2020లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, పిస్తోలు గల పురుషులు తుపాకితో ఆత్మహత్య చేసికొనుట లేనివారికంటె ఎనిమిది రెట్లు, స్త్రీలలో ముప్పదియైదు రెట్లు అధికము. దొంగ రాకకై కొన్న ఆయుధము, దొంగ రాని రాత్రులన్నియు ఇంటిలోనే యుండును గదా. తాళముగల చిన్న ఇనుపపెట్టె ధరను ఎవరును పిస్తోలు ధరలో చేర్చి లెక్కింపరు.

ఈ చర్చ తెలుగువారికి పరాయిది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రపు ఓలేథ పట్టణములో హైదరాబాదునుండి వెళ్ళిన ఇంజనీరు ఒకడు జాతిద్వేషియైన దుండగుని పిస్తోలుకు బలియయ్యెను. ఖర్చులకై దుకాణములలో, పెట్రోలు బంకులలో రాత్రిపనులు చేయుచు దోపిడిగాండ్రచేత చనిపోయిన విద్యార్థుల వార్తలు తెలుగు పత్రికలలో మరల మరల వచ్చుచున్నవి. అట్టి వార్త చదివినపుడు, అచ్చట అందరికి తుపాకు లుండగా మనవాడును ఒకటి కొనుక్కొనరాదా యను ప్రశ్న తల్లిదండ్రుల నోట వచ్చుట సహజము. విద్యార్థి వీసాపై గాని, తాత్కాలిక ఉద్యోగపు వీసాపై గాని ఉన్నవారు తుపాకి కొనుటయే కాదు, దగ్గఱ నుంచుకొనుటయు కేంద్రశాసనము ప్రకారము నేరము. 2022 నుండి దీనికి గరిష్ఠశిక్ష పదునైదేండ్ల కారాగారము. శాశ్వతనివాసపు పత్రము పొందినవారికి ఈ నిషేధము లేదు. తాత్కాలిక వీసావారికి గల మినహాయింపులలో ముఖ్యమైనది, ఏదేని రాష్ట్రమిచ్చిన వేట లైసెన్సు చేతనుండుట. అడవిలో జింకను వేటాడుటకు అనుమతి పొందిన విద్యార్థికి పిస్తోలు దొరకును; రాత్రి రెండుగంటలకు దుకాణములో ఒంటరిగా నిలిచి, బల్లక్రింద యజమాని దాచిన పిస్తోలును చూచుచున్న విద్యార్థికి అది తనదిగా ఉంచుకొను హక్కు లేదు.