మత్తు దిగినా తొలగని ముసుగు

అరబీలో మద్యాన్ని ‘ఖమ్ర్’ అంటారు. కప్పివేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన మాట అది. మద్యం కప్పేది బుద్ధిని. మత్తు దిగగానే ఆ ముసుగు తొలగిపోతుందని అనుకుంటాము. ఏళ్ల తరబడి తాగేవారిలో అది శాశ్వతం కావచ్చు.

తాగుడుకు బానిసైనవారు సరిగా తినరు. తిన్న ఆహారంలోని థయామిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, పేగులు గ్రహించకుండా మద్యం అడ్డుపడుతుంది. అది లోపిస్తే మెదడు కణాలు గ్లూకోజు నుంచి తగిన శక్తిని పొందలేవు. అయోమయం, కనుగుడ్ల అదురు, నడకలో తూలడం తొలి సూచనలు. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే వీటిని వర్ణించారు. ఆ దశలోనే థయామిన్ ఇంజెక్షన్లు అందితే మెదడును చాలావరకు కాపాడుకోవచ్చు.

ఆలస్యమైతే, 1887లో రష్యన్ వైద్యుడు సెర్గీ కోర్సకోవ్ వివరించిన మతిమరుపు మిగులుతుంది. పాత సంగతులు కొన్ని గుర్తుంటాయి. ఉదయం జరిగినది నిలవదు. ఆ ఖాళీని రోగి తనకు తెలియకుండానే కల్పనలతో నింపుతాడు. ఇంటివారు అబద్ధమాడుతున్నాడని నిందిస్తారు.

తాగని వేళ కూడా తూలుతూ తికమకపడే మనిషిని ‘మత్తులో ఉన్నాడులే’ అని మనం వదిలేయరాదు. పరువు పోతుందని దాచరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, తాగుడు సంగతి వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పాలి. మద్యం మనకు నిషిద్ధం. దాని బారిన పడినవానికి వైద్యం చేయించడం మన బాధ్యత.