పేగులో జామ్.. లివర్‌కి లోడ్!

లివర్ జబ్బంటే లివర్ ఒక్కదాని గొడవే అనుకుంటాం. కానీ దానికి అందే రక్తంలో దాదాపు 75 శాతం పేగులు, ప్లీహం వైపు నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చేదే. సిర్రోసిస్‌లో లివర్ మచ్చలు కట్టి గట్టిపడితే ఆ దారి ఇరుకై, సిరలో ఒత్తిడి పెరుగుతుంది. ఇదే పోర్టల్ హైపర్‌టెన్షన్. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు.

మెయిన్ రోడ్డు జామైతే బైకులు సందుల్లో దూరతాయి కదా! రక్తమూ అంతే. అన్నవాహికలోని సన్నటి సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి పగిలితే రక్తపు వాంతులే. ఇటు పేగు గోడ కూడా బలహీనపడి బ్యాక్టీరియా విషాలు లివర్‌కి చేరతాయి. వాపు, మళ్లీ మచ్చలు, మళ్లీ ఒత్తిడి. మా కోడింగ్ భాషలో ఇన్ఫినిట్ లూప్!

పేగుల్లో పుట్టే అమ్మోనియా కూడా లివర్‌ని తప్పించుకుని మెదడుకెక్కుతుంది. మా పెదనాన్నకి పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. డాక్టర్ రాసిన లాక్టులోజ్ సిరప్‌ని ‘మోషన్స్ అవుతున్నాయి’ అని ఆపేశారాయన. అసలు రోజుకి 2, 3 సార్లు మెత్తగా అవ్వాలనే ఆ మందు ఇస్తారు. అమ్మోనియాని బయటికి పంపే దారి అదే మరి. ఇప్పుడు మా పెద్దమ్మ ఒక్క డోసూ తప్పనివ్వట్లేదు.

ఇంట్లో సిర్రోసిస్ ఉన్నవాళ్లుంటే మలబద్ధకం రానివ్వొద్దు. డాక్టర్‌ని అడక్కుండా నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు ఇవ్వొద్దు. రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, మాటలో తికమక.. ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి బయల్దేరండి.