సంతను చూడని సంఘము

గత మే నెలలో సంఘము పనిమీద ఈరోడు జౌళి సంతకు వెళ్ళాము. సేలం నుండి రైలులో సుమారు గంట ప్రయాణము. ఇంత దగ్గర వున్నా, ఇన్నేండ్లలో ఆ సంతను ఒక్కసారైనా ఈ చివర నుండి ఆ చివర దాకా తిరిగి చూచినవారము కాము. సరుకు ఏజెంటు చేతికిచ్చి, డబ్బు ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూడడమే మన సంఘాల అలవాటు. ఈ అలవాటు మనకు చేటు తెస్తున్నదని మా అభిప్రాయము.

ఈరోడు వారపు సంత సోమవారము సాయంత్రము మొదలై మంగళవారము దాకా సాగుతుంది. ఎండకాలములో తెలిసిన బేరగాండ్లు రాత్రికి రాత్రే సరుకు చూచి, మూటలు కట్టించి, తెల్లవారకముందే బండి ఎక్కుతారు. మేము ఆ సంగతి తెలియక మంగళవారము పదకొండు గంటలకు చేరాము. గని మార్కెట్టు చుట్టుప్రక్కల వీధులన్నీ లుంగీలు, తువాళ్ళు, దుప్పట్లు, చీరలు గుట్టలుగా వున్నాయి. నెత్తిన తడి గుడ్డ వేసుకొని, రెండు చోట్ల మజ్జిగ త్రాగి, మూడు గంటలు తిరిగాము. ఒక ప్రక్క మలయాళము, ఒక ప్రక్క కన్నడము, నడుమ మన తెలుగు వినబడ్డాయి. కొనేవారు అడిగినవి ధర, పొడవు, రంగు నిలుస్తుందా లేదా అన్న మూడు మాటలే. ఎవరు నేశారని అడిగినవారు మాకు కనబడలేదు.

ఒక కొట్టులో జరీ అంచు తువాలు నచ్చింది. చేనేతేనా అని అడిగాము. అవునన్నారు. రూ. 90 ఇచ్చి తెచ్చుకున్నాము. ఊరు చేరి, మా సంఘములో అందరికంటె పెద్దవాడైన నేతగాడికి చూపించాము. ఆయన రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుగుకు పట్టి చూచి, “సెక్రటరీ గారూ, ఇది చెయ్యి ఆడిన బట్ట కాదండీ” అన్నాడు. పేక దెబ్బ మొదటి నుండి చివర దాకా ఒకే తీరుగా వున్నదట. మనిషి నేస్తే ప్రొద్దుటి దెబ్బ వేరు, అలసిన తరువాత దెబ్బ వేరు. అది మరమగ్గపు సరుకు.

మాకు సిగ్గు వేసింది. నూలు ధర, కూలి, రంగు ఖర్చు రోజూ లెక్క వ్రాసే చేతులు ఇవి. రూ. 90కి చేతినేత రాదని అక్కడే తెలుసుకోవలసినది. ఎండకు బుర్ర పనిచేయలేదని చెప్పుకోవచ్చు గాని, నిజము అది కాదు. చవుకగా దొరికిందన్న ఆశ మా కళ్ళు కప్పింది. సెక్రటరీయే మోసపోతే, కొనుక్కునే గృహస్థు సంగతి ఏమి?

చట్టము లేక కాదు. 1985 చట్టము కొన్ని రకాలను చేతిమగ్గానికే కేటాయించింది. తొలుత 22 రకాలుండేవి. ఇప్పుడు 11 మిగిలాయి. చీర, ధోవతి, తువాలు, లుంగీ, జమఖానాలలో కొన్ని నేతలు వాటిలో వున్నాయి. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టము చెల్లునన్నది. 2006లో చేనేత మార్కు వచ్చింది. అయినా ఆ సంతలో మార్కు వున్న బట్టను మేము చూడలేదు. ఇంకొక మాట చెప్పక తప్పదు. మా సంఘము తువాళ్ళు కూడ అక్కడే, మరమగ్గపు తువాళ్ళ గుట్టలోనే, మార్కు లేకుండా పడి వున్నాయి. వాటి ధరను ప్రక్కనున్న మరమగ్గపు తువాలే నిర్ణయిస్తున్నది. ఆ తప్పు మాది.

మరమగ్గము మీద మాకు పగ లేదు. షోలాపురములో మన పద్మశాలి సోదరులు ఎందరో దాని మీదనే బ్రతుకుతున్నారు. వారి దుప్పటి వారి పేరుతో అమ్ముడుపోతే మాకు సంతోషమే. ఒకరి పనిని ఇంకొకరి పేరుతో అమ్మడమే అన్యాయము. దానివలన మగ్గము ముందు కూర్చున్నవాని కూలి తరుగుతున్నది.

కాబట్టి సంఘాల వారికి మూడు సూచనలు చేస్తున్నాము. ఒకటి, ఏడాదికి రెండుసార్లయినా సంతకు మనిషిని పంపవలెను. సెక్రటరీ ఒక్కడు చాలడు. చేతితో తాకి చెప్పగల నేతగాడు కూడ వెళ్ళవలెను. వేసవిలో అయితే సోమవారము రాత్రికే చేరవలెను. రెండు, చేనేత మార్కు, సంఘము పేరు, ఊరి పేరు లేకుండా ఒక్క తువాలు కూడ గడప దాటరాదు. మూడు, కేటాయించిన రకము మరమగ్గము మీద నేసి అమ్ముతుంటే, రసీదుతో సహా చేనేత శాఖ అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. మేము రసీదు తీసుకోలేదు. మీరు ఆ పొరపాటు చేయకండి.

ఆ తువాలు ఇప్పుడు మా ఆఫీసులో మేకుకు వ్రేలాడుతున్నది. వచ్చిన ప్రతి సభ్యుడి చేతికి, మా మగ్గపు తువాలుతో పాటు దానినీ ఇచ్చి, తేడా చెప్పమంటున్నాము. పడుచువాళ్ళలో చాలమంది తడబడుతున్నారు. మీ సంఘాలలోనూ ఈ పరీక్ష పెట్టి చూడండి.