పోవుట రెండున్నర, వచ్చుట ఏడు



నెల్లూరు సీమలో మైపాడు సముద్రతీరమునకు చేరువ పల్లెలో నాకు తెలిసిన అవ్వ యొకతె కలదు. ఆమె కుమార్తె కువైటులో నొక యింట పనిచేయుచున్నది. ఎనిమిదేండ్ల మనుమరాలు అవ్వకడ పెరుగుచున్నది. నెల్లూరు, కడప జిల్లాలనుండి ఇట్లు గల్ఫు దేశములకు పోయిన తల్లులు పెక్కుమంది కలరు. కావున ఇది ఒక్క యింటి మాట కాదు.

కుమార్తె పోయిననాడు టిక్కెట్టుపై చెన్నపట్టణమున ఉదయము 10 గంటలకు బయలుదేరి 12.30కు కువైటు చేరునని యుండెను. “రెండున్నర గంటలేనా! మన యూరినుండి చెన్నపట్టణమునకే అంతకంటె నెక్కువ పట్టునే!” యని అవ్వ సంతోషించెను. రెండేండ్లకు ఆమె సెలవుపై వచ్చునపుడు, అక్కడ ఉదయము 10కి ఎక్కినచో ఇక్కడ సాయంకాలము 5కి గాని దిగదని తెలిసి, విమానము దారి తప్పునేమోయని గుండె చేతబట్టుకొనెను. “అవ్వా, వచ్చే దోవ అంత పొడుగా?” యని మనుమరాలు అడిగినదట.

దోవ రెండు వైపులను ఒక్కటియే. చెన్నపట్టణమునుండి కువైటునకు ఆకాశమార్గమున సుమారు 3,800 కిలోమీటర్లు. భేదమంతయు గడియారములలో నున్నది. టిక్కెట్టుపై బయలుదేరు వేళ బయలుదేరిన యూరిది. చేరు వేళ చేరిన యూరిది. భూమి ఒక్క డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. మన గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును, కువైటు గడియారము 45 డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించును. నడుమ 37½ డిగ్రీలు. అనగా 150 నిమిషములు. ఈ రెండున్నర గంటలను పోవునపుడు కలుపవలెను, వచ్చునపుడు తీసివేయవలెను. అప్పుడు పోవుటకు 5 గంటలు, వచ్చుటకు 4½ గంటలు తేలును. శీతకాలమున మింట పడమటినుండి వీచు బలమైన గాలి తూర్పునకు వచ్చు విమానమునకు తోడ్పడును గనుక ఆ అరగంట కలిసివచ్చును.

అయినను ఐదు గంటలకే “చేరితి”నను కబురునకై ఎదురుచూడకుడు. పల్లెనుండి చెన్నపట్టణమునకు నాలుగైదు గంటలు, విమానాశ్రయమున ముందుగా మూడు గంటలు, దిగిన పిమ్మట తనిఖీలకును దారికిని మఱి రెండు గంటలు. ఇల్లు విడిచినది మొదలు పదునైదు గంటలు లెక్కవేసికొన్నచో వట్టి కంగారు తప్పును.

అన్నిటికంటె బిడ్డకు కష్టమైనది ఈ రెండున్నర గంటల యెడము. తల్లి పని ముగించి రాత్రి 10కి ఫోను చేయుసరికి ఇక్కడ 12.30; బిడ్డ నిద్రలో నుండును. “అమ్మకు నేను గుర్తే లేను” అని ఆ పసిది కొన్నాళ్లు అలిగి, అన్నము సయితము సరిగా తినలేదట.

ఇప్పుడు అవ్వ గోడకు రెండవ గడియారము తగిలించి, కువైటు వేళకు తిప్పి యుంచినది. ఉదయము 7.30కు బిడ్డ బడికి సిద్ధమగును. అక్కడ అప్పుడే 5 గంటలు; తల్లి లేచి, ఇంటివారు లేవకమునుపు బిడ్డతో పది నిమిషములు మాటలాడును. జడ సరిగా పడినదో లేదో కూడ అడుగునట!

మీ వీధిలోను అట్టి యిల్లొకటి యుండవచ్చును. ఒక సాయంకాలము పోయి, ఈ చిన్న లెక్క వారికి నేర్పి రండు.